బాలమణక్క దగ్గర ‘ఆగుతది’ చెల్లదు

నిన్న పొద్దున నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులో నడుస్తుంటే తడిసిన షామియానా గుడ్డ వాసన తగిలింది. ముందు రోజు వానలో ఎక్కడో పెళ్లి జరిగినట్టుంది. ఎరుపూ పసుపూ చారల గుడ్డను ఇద్దరు మనుషులు ప్రహరీ గోడ మీద ఆరేస్తున్నారు. మట్టి, నానిన నూలు, నలిగిన బంతిపూలు, ఎప్పుడో ఒలికిన పప్పుచారు, అన్నీ కలిసి ఎండకు మెల్లగా వేడెక్కుతున్న వాసన అది. గుడ్డ అంచును వేళ్ల మధ్య పట్టుకుని చూశాను. కుట్టు రెండు చోట్ల విడిపోయింది. “ఏంది సార్, కిరాయికి గావాల్నా?” అని అడిగాడు వాళ్లలో ఒకతను. “కుట్టు ఊడింది, చూసుకోండి” అన్నాను. “ఏం గాదు సార్, ఆగుతది” అన్నాడు. నవ్వొచ్చింది. ఆ ఒక్క మాట అన్నందుకు నేను ఒకప్పుడు వారం రోజులు తిట్లు తిన్నాను. తిట్టినామె పేరు బాలమణి.

ఆత్మకూరులో వనపర్తి బస్సులు ఆగే చోటికి నాలుగు దుకాణాల అవతల ఆమె టెంట్ హౌస్ ఉండేది. షామియానాలు, ఇనుప గుంజలు, కుర్చీలు, వంట గిన్నెలు, ఫ్యాన్లు, లైట్లు, ఒక జనరేటర్. భర్త పెట్టిన దుకాణం. ఆయన పోయాక బోర్డు మీద పేరు మారలేదు గానీ, చుట్టుపక్కల ఊళ్లలో అందరూ దాన్ని బాలమణక్క దుకాణం అనే అనేవాళ్లు. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి. కొంగు నడుముకు బిగించి, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని తిరిగేది. చదివింది అయిదో తరగతి. 2008లో నేను మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టి, ఇంట్లో కూర్చున్నాను. ఆమె జనరేటర్ చెడిపోతే ఎవరో నన్ను పంపించారు. బాగు చేశాను. “ఏం జదివినవ్ పిల్లగా?” అని అడిగింది. చెప్పాను. “అయితే ఇయ్యాల్టి సంది నీ పేరు డిప్లొమా. ఉద్యోగం వచ్చేదాంక ఈడనే ఉండు” అంది. రెండేళ్లు ఉన్నాను.

మొదటి పని అమరచింతలో ఒక పెళ్లి పందిరి. భోజనాలు వడ్డించే చోట పైన అడ్డంగా ఒక ఇనుప పైపు కట్టి, దానికి నాలుగు ఫ్యాన్లు వేలాడదీయాలి. పైపు మందం, పొడవు, ఫ్యాన్ల బరువు అన్నీ నోటుబుక్కులో రాసుకుని లెక్క వేశాను. కట్టడం పూర్తయ్యాక ఆమె వచ్చి పైకి చూసింది.

“ఏమంటది డిప్లొమా పైపు?”

“ఆగుతది అక్కా.”

“ఆగుతదా, ఆగిందా?”

“ఆగుతది. లెక్క వేసిన.”

“లెక్క ఎయ్యి, ఒద్దనలె. లెక్క నీ కోసం. నాకు మాత్రం ఆగుతది అని చెప్పకు. ఆగింది అని చెప్పు. ఎంత బరువు, ఎంతసేపు, గా రెండు జెప్పు. మూడోది నాకొద్దు.”

మా దగ్గర రెండు రకాల బస్తాలుండేవి. గుంజలు పాతడానికి వీల్లేని సిమెంటు నేల మీద వాటి అడుగున బరువు పెట్టడానికి ఇసుక బస్తాలు, సామాను మూటకట్టే ఖాళీ బస్తాలు. ఇసుకవి ఒక్కొక్కటి ఇరవై అయిదు కిలోలు, తూకం వేసి మూతి కుట్టినవి. ఫ్యాన్ల బరువుకు మూడింతలయ్యేలా ఆ బస్తాలను పైపుకు వేలాడదీయించింది. తర్వాత వాటి పక్కన చాప పరిచి, టిఫిన్ డబ్బా తెరిచి, జొన్నరొట్టె తినడం మొదలుపెట్టింది. నన్నూ కూర్చోమంది. పెళ్లికూతురి మేనమామ అటుగా వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏంది బాలమణీ, పెండ్లింట్ల సద్ది తెచ్చుకొని తింటున్నవ్? మా పరువు దీస్తవా ఏంది?”

“మీ అన్నం రేపు తింట బావా, ఆకులేసి పెట్టు. ఇయ్యాల నేను తినేది పందిరి అన్నం.”

సగం రొట్టె అయ్యేసరికి నా ఎడమ పక్క గుంజ రెండంగుళాలు కిందికి దిగింది. అడుగున ఎలుక బొరియ ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఆమె పైకి చూసి, పైపు ఎటూ జారలేదని నిమ్మళపడి, కూర్చోమని చెయ్యి ఊపింది. “చూసినవా? మొదటి ముక్కకు దిగలె. సగం రొట్టెకు దిగింది. నువ్వు కట్టంగనే చూసి పోతే రేపు బంతి మధ్యల దిగుతుండె.” బరువు ఎక్కువసేపు ఉంటే వస్తువు మెల్లగా లొంగుతుందనీ, దానికొక పేరుందనీ, దానికొక గ్రాఫు ఉందనీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. నా పక్కనే అది జరగడం మాత్రం అదే మొదటిసారి.

మరుసటి ఏడు, చింతపండు దంచే రోజుల్లో, వనపర్తి నుంచి సుజాత మేడం వచ్చింది. భర్త ఉద్యోగరీత్యా కొన్నేళ్లు బెంగుళూరులో ఉండి, అత్తగారింటికి తిరిగొచ్చినామె. ఇంటి హాల్లో పొద్దునపూట పదిమంది ఆడవాళ్లకు యోగా నేర్పేది. సంచిలోంచి నేరేడుపండు రంగు గుడ్డ ఒకటి తీసి బల్ల మీద పరిచింది. అయిదారు గజాల పొడవు, జారుతున్నట్టుండే గుడ్డ. రెండు కొసలూ కుచ్చుగా బిగించి పైకప్పుకు కడితే మధ్యలో ఊయలలా వేలాడుతుందట. అందులో కూర్చోవచ్చు, నడుముకు చుట్టుకుని తలకిందులుగా వాలవచ్చు. బెంగుళూరులో అలా చేశాకే తన నడుము నొప్పి తగ్గిందనీ, తన దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి అదే నొప్పి అనీ చెప్పింది.

“గిది తొట్టెలనే గదమ్మా. పెద్దోళ్ల తొట్టెల” అంది బాలమణక్క. గుడ్డను అడ్డంగా లాగింది, నిలువుగా లాగింది, అంచును ఎండకు పట్టి చూసింది. “గుడ్డ మంచిగున్నది. ఇది తెగదు. గుడ్డ తెగి పడ్డోళ్లను నేను చూడలె. కట్టిన కాడ ఊడి పడ్డోళ్లను చూసిన. దేనికి కడ్తరు?”

“హాల్లో స్లాబుకు కొండి ఉంది. మా అత్తమ్మ పిల్లల తొట్టెల కట్టిన కొండి.”

బాలమణక్క నావైపు తిరిగింది. “డిప్లొమా, నువ్వు పోయి చూసి రా. కొండి ఎట్లున్నది, స్లాబు ఎట్లున్నది, మిద్దె మీద ఏమున్నది. చూసి రా, అంతే. కట్టకు. నేను గద్వాల పని ఒడగొట్టుకొని వస్త, అప్పుడు కడదాం.” గద్వాలలో మూడు రోజుల పందిరి పని ఉంది. ఆమె ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. మరునాడు నేను వనపర్తి బస్సెక్కాను.

ముప్పై ఏళ్ల నాటి ఇల్లు. హాలు మధ్యలో, పైకప్పులోంచి కిందికి వంగిన లావుపాటి కొండి. సుజాత మేడం అత్తగారు సత్తెమ్మ పెద్దమ్మ కుర్చీలో కూర్చుని నా చేతిలోని, మందం కొలిచే వెర్నియర్‌ను అనుమానంగా చూసింది. “నా ముగ్గురు పిల్లలు గీ కొండికే ఊగిన్రు. మనుమడు గూడ ఊగిండు. స్లాబు పోసిన దినం పసుపు రాసి నేనే పెట్టిచ్చిన దీన్ని. నువ్వు పుట్టకముందటిది. నువ్వేం పరీక్ష చేస్తవ్ నాయనా దానికి?” నేను స్టూలెక్కి కొలిచాను. పన్నెండు మిల్లీమీటర్లు. కిందికి దిగి లెక్క వేశాను. ఆ మందం ఇనుము దాదాపు రెండు టన్నుల ఎనిమిది వందల కిలోలకు గానీ లొంగదు. అందులో పదో వంతే తీసుకున్నా రెండు వందల ఎనభై. ఒక మనిషికి ఎక్కువే. మిద్దె మీదికి వెళ్లబోతే పెద్దమ్మ ఆపింది. “పైన చింతపండు ఆరబోసిన, తొక్కుతవ్.” సరే అని మెట్ల దగ్గరే ఆగిపోయాను.

చూసి రావడం వరకే నా పని. కానీ మేడం గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. లెక్క నా జేబులో ఉంది. తాళ్లు, క్లిప్పులు సంచిలో ఉన్నాయి. కట్టాను. రెండు చేతులతో గుడ్డ పట్టుకుని, కాళ్లు పైకెత్తి, పది లెక్కపెట్టి దిగాను. మేడం బరువెంతో అడగాలని మాట నోటిదాకా వచ్చింది. ఎదురుగా అత్తగారు కూర్చుని ఉండగా కోడలిని నీ బరువెంత అని అడగడం ఎలా? అడగలేదు.

“ఆగుతుందా బాబూ?” అంది మేడం.

“ఆగుతది మేడం” అన్నాను. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మొదటి క్లాసు పెట్టుకుంటానంది. పెట్టుకోమన్నాను.

ఆదివారం తెల్లవారాక బాలమణక్క గద్వాల నుంచి సామానుతో దిగింది. డ్రైవర్ రాజప్ప ట్రాలీ ఆటోలోంచి గుంజలు దించుతున్నాడు. ఆమె అరుగు మీద కూర్చుని చాయ్ అందుకుంది.

“వనపర్తి పోయినవా? చూసినవా?”

“చూసిన అక్కా. కట్టిన గూడ.”

గ్లాసు పెదాల దాకా వెళ్లి ఆగింది. “ఎంత ఆగింది?”

“లెక్క ప్రకారం రెండు వందల…”

“లెక్క అడగలె నేను.”

“నేను ఏలాడి చూసిన.”

“నీ బరువెంత?”

“యాభై రెండు.”

“ఎంతసేపు?”

“పది లెక్కబెట్టిన.”

“మేడం బరువెంత?”

“అడగలె అక్కా. ఆడోళ్లను ఎట్ల అడుగుతం?”

“అడగనీకి సిగ్గైంది నీకు. రేపు నడుము ఇరిగినంక దవాఖానకు పండ్లు పట్టుకపోతవ్ గద, అప్పుడు గాదా సిగ్గు? మిద్దె మీద ఏమున్నది?”

“చింతపండు ఆరబోసిన్రు. ఎక్కలె.”

ఆమె చాయ్ కింద పెట్టింది. “క్లాసు ఎన్నడు?”

“ఇయ్యాలనే. ఎనిమిదింటికి.”

అప్పుడు ఏడు కావస్తోంది. మేడం నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. “రాజప్పా, గుంజలు పక్కకు పెట్టు. ఇసుక బస్తాలు ఎక్కియ్యి, ఉన్నన్ని” అంది బాలమణక్క. దారంతా ఆమె ముందు సీట్లో రాజప్ప పక్కన, నేను వెనక బస్తాల మీద. వనపర్తి ఇంకా సగం దూరముందనగా ఆమె వెనక్కి తిరిగి లెక్క మొదటి నుంచి చెప్పమంది. గాలిలో అరుస్తూ చెప్పాను. అంతా విని, “పన్నెండు ఎట్లొచ్చింది?” అని అడిగింది. కొలిచానన్నాను. “దేన్ని కొలిచినవ్?” అంది. కొండిని అన్నాను. ఆమె మళ్లీ ముందుకు తిరిగింది.

మేం వెళ్లేసరికి ఎనిమిది దాటింది. తొమ్మిదిమంది ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. సుజాత మేడం గుడ్డలో కూర్చుని, కాళ్లు నేలకు ఆనకుండా మెల్లగా ఊగుతూ, తర్వాత తలకిందులుగా ఎలా వాలాలో చెబుతోంది. బాలమణక్క గడప దగ్గర చెప్పులు విడిచి, పెళ్లి పేరంటానికి వచ్చినట్టు నవ్వుతూ లోపలికి నడిచింది.

“మంచిగున్నదమ్మా సుజాతమ్మా. జర దిగండి. మా పిల్లగాడు ఒక ముడి తప్పు ఏసిండట, సరిచేసి పోత. మెల్లగ దిగండి, తొందరేం లేదు.”

మేడం రెండు పాదాలూ నేలకు ఆనాక, గుడ్డ వదిలి పక్కకు వచ్చాక, బాలమణక్క నవ్వు పోయింది. “ముడి గాదమ్మా. గట్ల చెప్పకుంటె మీరు గాబరాగ దుంకుతరని చెప్పిన. కొండిని మేము ఇంకా అడగలె. అడగకముందే మావోడు మీకు మాటిచ్చిండు.”

“నా ఇంటి కొండికి ఇసుక బస్తాలు కడ్తవా?” అని లేచింది సత్తెమ్మ పెద్దమ్మ.

“పెద్దమ్మా, మీ కొండి మంచిదైతే ఆ మాట బస్తాలే చెప్తయి. అప్పుడు దానికి పసుపు నేనే రాస్త.”

ఆడవాళ్లను గోడవారకు జరిపించి, గుడ్డలో ఆరు బస్తాలు వేశాం. నూట యాభై కిలోలు. ఏ చప్పుడూ లేదు. పెద్దమ్మ అందరి వంకా గర్వంగా చూసింది. బాలమణక్క ఈసారి బస్తాల పక్కన కూర్చోలేదు. గడపలో కూర్చుని గద్వాల నుంచి తెచ్చుకున్న రొట్టె విప్పి, సగం నాకిచ్చింది. నేను కొండి మీంచి కళ్లు తీయకుండా నమిలాను. పావుగంట గడిచింది. ఒకామె పనుందని లేవబోయింది. అప్పుడు కొండి మొదట్లోంచి సన్నగా సున్నప్పొడి రాలడం చూశాను. “అక్కా” అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే టక్కుమని శబ్దం. ఆరు బస్తాలూ ఒక్కసారిగా నేలను తాకాయి. కింద పరిచిన షాబాదు బండ ఈ చివరి నుంచి ఆ చివరికి పగిలింది. మేడం వాలి ఉంటే తల సరిగ్గా ఆ బండ మీదే ఉండేది.

కొండి ముక్కను బాలమణక్క తీసి నా చేతిలో పెట్టింది. స్లాబులోకి వెళ్లేచోట తుప్పు తినేసి సైకిల్ చక్రం పుల్లంత మిగిలింది. పైకి కనిపించే వంపు మాత్రం లావుగానే ఉంది. విరిగినచోట ఆ లావు ఏమిటో తెలిసింది. అట్టలు అట్టలుగా రంగు. గోరుతో గీకితే క్రీము, దాని కింద నీలం, దాని కింద ఆకుపచ్చ. సత్తెమ్మ పెద్దమ్మ ఆ ముక్క తీసుకుని కొంగుతో తుడిచింది. “పచ్చ రంగు మా పెద్దోని పెండ్లికి ఏపిచ్చింది. నీలం బిడ్డ పెండ్లికి” అని మెల్లగా తనలో తనే అనుకుంది. తర్వాత గీకి కొలిస్తే ఇనుము తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. నేను పన్నెండని రాసుకున్నదాంట్లో మిగతాదంతా పెళ్లిళ్ల రంగు. మిద్దె ఎక్కి చూస్తే చింతపండు చాపకు మూడడుగుల అవతల, సరిగ్గా కొండికి పైన, నీళ్ల ట్యాంకు. దాని అడుగున ఎన్నేళ్ల నుంచో ఆరని తడి.

కిందికి వచ్చాక బాలమణక్క అంది, “అందరున్నరు. ఏం జేసినవో నువ్వే చెప్పు.”

చెప్పాను. కట్టొద్దంటే కట్టాను. ఇనుమనుకుని రంగును కొలిచాను. మిద్దె ఎక్కలేదు. మేడం బరువు అడగలేదు. పది అంకెలు లెక్కపెట్టి ఆగుతుందన్నాను. చెబుతుంటే చెవులు కాలిపోయాయి. ఆడవాళ్లలో పెద్దామె ఒకరు నన్ను కిందా మీదా చూసి, “నీకు పిల్లనియ్యనీకి వస్తే గూడ గిట్లనే కొలుస్తవా కొడకా, రంగుతోటి కలిపి?” అంది. అందరూ పగలబడి నవ్వారు. సుజాత మేడం నవ్వలేదు. గోడకు ఆనుకుని పగిలిన బండనే చూస్తోంది.

ఆ తర్వాత వారం రోజులు నేను బాలమణక్క తిట్లు తింటూ ఆ ఇంట్లోనే పని చేశాను. మొదట భవనాల పని తెలిసిన ఇంజనీరును తీసుకొచ్చి స్లాబు చూపించమంది బాలమణక్క. ఆయన వచ్చి తడి తగిలిన భాగాన్ని వదిలేయమని, గోడకు దగ్గరగా పొడిగా ఉన్న చోటు గుర్తుపెట్టి ఇచ్చాడు. స్లాబులోని ఇనుప చువ్వలకు తగలకుండా అక్కడ రెండు రంధ్రాలు ఆరపార వేశాం. అరంగుళం మందం బోల్టులు కింది నుంచి పైకి. మిద్దె మీద జానెడు వెడల్పు ఇనుప పలకలు, వాటి మీద రెండేసి నట్లు, నీరు నిలవకుండా చుట్టూ వాలుగా సిమెంటు. ట్యాంకును ఇంకో మూలకు మార్పించాం. కింద చువ్వను వంచి చేసిన కొండి కాదు, బరువులెత్తే సామాను అమ్మేచోట దొరికే, ఎంత బరువుకో దాని మీదే అచ్చు వేసి ఉన్న రింగులు. గుడ్డకూ రింగుకూ మధ్య మరతో మూసుకునే క్లిప్పులు. వాలిన మనిషి చేతులు చాస్తే గోడకూ కుర్చీకీ తగలనంత ఖాళీ. అడుగున మందపాటి పరుపు. గుడ్డ నేలకు నడుమంత ఎత్తు దాటకుండా. ఇన్ని ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర ఆ కొండి ముక్క ఉండేది, చూపించేవాణ్ణి.

కట్టాక పన్నెండు బస్తాలు వేశాం. ఊగే మనిషి, కదలకుండా కూర్చున్న మనిషికంటే ఎక్కువ బరువు లాగుతాడు గనుక మూడు వందల కిలోలు కావాలని నేనే అన్నాను. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉంచాం. గంటకోసారి పైకప్పు నుంచి బస్తాల దాకా టేపుతో కొలిచి రాశాను. గుడ్డ మొదటి గంటలో రెండు వేళ్లు సాగింది, తర్వాత కదల్లేదు. బోల్టుల చుట్టూ గీసిన పెన్సిల్ గీత గీతలాగే ఉంది. సాయంత్రం బాలమణక్కకు చెప్పాను, “మూడు వందలు, ఆరు గంటలు, ఆగింది.” ఆమె తల ఊపింది. అంతే.

మరునాడు ఆడవాళ్లంతా వచ్చారు. బాలమణక్క బస్తాలు వరుసగా పేర్పించి నిలబడింది. “మీ బరువులు మాకు చెప్పొద్దు. ఎవరికి వారు, నాకంటె ఎక్కువే అనుకున్నన్ని బస్తాలు గుడ్డల ఎయ్యండి. నాలుగా, అయిదా, మేము లెక్కబెట్టం.” ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ వచ్చారు. “ఇంకొకటి ఎయ్యి వదినా, సిగ్గుపడకు” అని వెనక నుంచి ఎగతాళి. ప్రతిసారీ కాసేపు ఆగి చూశాం. అన్నీ ఆగాయి. అయినా, బస్తాలు తీసేశాక ఎవ్వరూ గుడ్డ దగ్గరికి రాలేదు. మేడం వైపు చూశారు. మేడం ముందుకు వచ్చి గుడ్డ పట్టుకుంది. కాసేపు అలాగే నిలబడి వదిలేసింది.

“నావల్ల కాదు బాలమణక్కా. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. తీసేయండి. మామూలు యోగా చెప్పుకుంటాను.”

తీసేస్తే మళ్లీ కట్టించుకోదని అక్కడ అందరికీ తెలుసు. నడుము పట్టుకుని నిలబడ్డ ఆ ఆడవాళ్లు అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆమె ధైర్యం పోగొట్టింది నేను. దాన్ని టేపుతో, వెర్నియర్‌తో తిరిగి తేవడం నాకు చేతకాదు.

బాలమణక్క చీర కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపుకుంది. “పట్టుకో డిప్లొమా” అని నా చెయ్యి అందుకుని, గుడ్డ విప్పార్చి, వెనక్కి కూర్చుంది. పాదాలు నేలను వదిలాయి. ఆమె వేళ్లు నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే గోళ్లు దిగాయి. మొహంలో రక్తం లేదు. వంగి ఆమెకు మాత్రమే వినపడేలా అడిగాను.

“అక్కా, భయమైతుందా?”

“గాదా మరి?”

“మూడు వందలు ఆగింది గద, మన ముందటనే.”

“ఆగింది. అయినా అయితది. ఎప్పుడైనా అయితది.” ఊపిరి తీసుకుంది. “నీకు భయం కాలెనా, ఆ దినం ఏలాడినప్పుడు?”

గుర్తు చేసుకున్నాను. “కాలె.”

“అందుకే” అంది.

సుజాత మేడం దగ్గరికి వచ్చింది. ఆమె వీపు కింద చెయ్యి పెట్టి, “ఊపిరి బిగబట్టొద్దు, వదలండి” అంది, అలవాటైన గొంతుతో. మెల్లగా వెనక్కి వాల్చింది. బాలమణక్క తల కిందికి వెళ్లగానే చెవి మీది పెన్సిల్, నడుములోని తాళాల గుత్తి, ఆకూవక్కా సంచి, అన్నీ ఒకదాని వెనక ఒకటి పరుపు మీద రాలాయి. “అయ్యో నా దుకాణం పడిపాయె!” అని తలకిందులుగానే అరిచింది. హాలంతా నవ్వు. మేడం కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. ఆమెను పైకి లేపి, గుడ్డలో కూర్చోబెట్టి, “చాలు, ఇక దిగండి. అది నా చోటు” అంది.

ఆ టెంట్ హౌస్ ఇప్పుడు లేదు. మోకాళ్ల నొప్పులతో బాలమణక్క దుకాణం తీసేసి పెద్దమందడిలో చెల్లెలి దగ్గర ఉంటోంది. నేను క్రేన్లు, లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నాను. అన్ని కొలతలూ సరిపోయి, కింద సంతకం చేయాల్సిన గడి దగ్గరికి వచ్చాక, పెన్ను మూత తీయకుండా కాసేపు నిలబడతాను. కొంచెం భయం వేయాలి. దాన్ని నేను వాడుతానని ఎవరికీ చెప్పను, ఫారంలో దానికి గడి లేదు. కొన్నిసార్లు ఎంతసేపు నిలబడ్డా అది రాదు. ఆ రోజు సంచి మళ్లీ తెరిచి మొదటి నుంచి కొలుస్తాను. సంతకం మరుసటి రోజుకు పడుతుంది.